పలుగురాయి మిల్లులో వంటిల్లు

మా సంస్థలో ఎవరైనా దగ్గితే "అయ్యో, కాసిని మంచినీళ్ళు తాగండి" అనరు. "దేనివల్ల?" అని అడుగుతారు. దగ్గినవాడు ఒక కారణం చెప్పేలోగా పక్కవాడు ఇంకో కారణం చెబుతాడు. మూడోవాడు ఆ రెండూ కావంటాడు. ఈలోగా ఆ దగ్గు దానంతటదే తగ్గిపోతుంది. శ్రామిక శ్వాస పరిశోధనా సంస్థ అంటే మాదే. అందులో నేను గణాంక అధికారిని. దగ్గులను కూడి, తీసి, భాగించి, చివరికి ఎవరికీ కోపం రాని ఒక సంఖ్యగా మార్చడం నా ఉద్యోగం. ఈ పనిలో నాకు మంచి పేరే ఉంది.

నాకు సిగరెట్టు అలవాటు కూడా ఉంది. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఈ కథలో పొగతాగేవాళ్ళను లెక్కలోంచి ఏరిపారేసింది నేనే. ఆ ఏరివేత మధ్యలో అలసట తీర్చుకోవడానికి వరండాలోకి వెళ్ళి నాలుగు దమ్ములు లాగి వచ్చిందీ నేనే.

సంగతేమిటంటే, బండతిమ్మాపురంలో పలుగురాయి మిల్లులున్నాయి. తెల్లటి పలుగురాళ్ళను నలగ్గొట్టి, పొడిచేసి, జల్లెడ పట్టి, బస్తాలకెత్తి గాజు ఫ్యాక్టరీలకు పంపుతారు. ఆ పొడి గోధుమపిండికన్నా మెత్తన. లోపల పనిచేసేవాళ్ళ కనురెప్పలు కూడా తెల్లగానే ఉంటాయి. వాళ్ళు మొదట్లో పొద్దున పూట దగ్గుతారు. తర్వాత రోజంతా దగ్గుతారు. ఆ తర్వాత మెట్లెక్కలేరు. ఆ తర్వాత మిల్లుకు రారు. ఆ దగ్గు మిల్లు దుమ్మువల్లేనని మా సంస్థ తేలిస్తే చాలు, ప్రతి మిల్లులోనూ దుమ్మును పైకి లాగేసే గొట్టమూ ఫ్యానూ పెట్టి తీరాలని పైనుంచి ఉత్తర్వు వస్తుంది. తేల్చకపోతే రాదు.

నిజానికి మిల్లు గుమ్మంలో నిలబడితే తేలిపోయే విషయమే. కానీ గుమ్మంలో నిలబడి చూసినదాన్ని పరిశోధన అనరు కదా.

అధ్యయన కమిటీ మొదటి సమావేశంలో మా డైరెక్టర్ పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. అది దేనివల్లో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. "మిత్రులారా! దగ్గు అనేది బహుకారణజన్యమైన ఒక ప్రక్రియ. శిలాధూళి ఇందులో ముద్దాయి మాత్రమే. ముద్దాయిని దోషిగా నిర్ధారించే ముందు తక్కిన అనుమానితులందరినీ సమగ్రంగా, సాకల్యంగా విచారించడం మన విధి. ఈ అనుమానితులను ఇకనుంచి గందరగోళ కారకాంశాలు అని వ్యవహరిద్దాం" అని సెలవిచ్చారు. పేరు పొడుగైందని నేను దాన్ని గం.కా.అం. అని కుదించాను. ఆ రోజుకి నా వంతు పరిశోధన అదే.

మొదటి గం.కా.అం. బీడీ. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. బీడీ తాగేవాడు బీడీవల్ల కూడా దగ్గుతాడు. రెండోది ఇంట్లో కట్టెల పొయ్యి. అదీ నిజమే. ఈ రెండూ చూసుకోకుండా లెక్క కట్టేవాణ్ణి నేనే క్షమించను. ఎలా చూసుకోవాలో కూడా మా చదువులో మొదటి పాఠాల్లోనే చెప్పారు. ఆ పాఠం నాకు గుర్తు రాలేదు కానీ మా క్షేత్ర పరిశోధకురాలు షంషాద్‌కు వచ్చింది. ఆమెది బండతిమ్మాపురం పక్క ఊరే.

"ఊర్లో బీడీలు తాగేటోళ్ళు మిల్లు బయట గూడా ఉండారు గద సార్! వాండ్ల దగ్గు, మిల్లోళ్ళ దగ్గు పక్కపక్కన పెట్టి సూస్తే తెలిసిపోతాది. పొయ్యిల సంగతి గూడా అంతే" అంది.

పరాంకుశం గారు కంగారు పడ్డారు. "అలా చేస్తే ఫలితం వచ్చేస్తుందమ్మా. మనది లోతైన అధ్యయనం" అన్నారు.

ఆ లోతు తవ్వే పని నాకు అప్పగించారు. నేను తీసివేత పద్ధతి ఒకటి కనిపెట్టాను. మనిషి దగ్గు ఒక నిండు పుచ్చకాయ అనుకోండి. అందులో బీడీ ముక్క కోసి పక్కన పెట్టాలి. పొయ్యి ముక్క కోసి పక్కన పెట్టాలి. అలా ఎవరి ముక్క వాళ్ళకి ఇచ్చేశాక మిగిలిందే రాయిది. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. కమిటీలో చప్పట్లు కూడా కొట్టారు.

అక్కడితో ఆగితే మేమెందుకవుతాం? కమిటీలో ప్రతి సభ్యుడూ తన వంతుగా ఒక గం.కా.అం. ప్రతిపాదించాడు. ప్రతిపాదించనివాడికి విషయం తెలియదనుకుంటారని భయం. ఒకాయన అగరుబత్తి అన్నాడు. ఒకాయన దోమల చుట్ట అన్నాడు. ఎండుమిరపకాయల తాలింపు, బాలింత గదిలో సాంబ్రాణి, కొట్టంలో పిడకల ధూపం, దీపావళి మతాబులు, ఇల్లు ఊడిస్తే లేచే గృహధూళి, పక్కింటాయన బీడీ ఒక్కొక్కటే వచ్చి చేరాయి. వేదం చదువుకున్న సభ్యుడొకాయన మరీ లోతుకి వెళ్ళి, "మీ వివాహ సమయంలో హోమధూమానికి ఎంతసేపు గురి అయినారు?" అనే ప్రశ్న చేర్పించాడు. షంషాద్ అది పట్టుకెళ్ళి మిల్లులో అడిగితే ఒకతను బుర్ర గోక్కుని, "పెండ్లాం పక్కన కూసోనుంటే గడియారం ఎవురు సూస్తారు మేడం?" అన్నాడట. 'సమాచారం అలభ్యం' అని నమోదు చేసుకున్నాం.

ఇంతమందికి పంచేసరికి పుచ్చకాయ అయిపోయింది. ఇంకా ముక్క అందనివాళ్ళు ఉన్నారు. వాళ్ళకి కూడా ఇస్తే రాయి వాటా సున్నా దాటి కిందికి పోయింది. అంటే లెక్క ప్రకారం పలుగురాయి పొడి దగ్గును తెప్పించడం లేదు సరిగదా, ఉన్న దగ్గును తగ్గిస్తోంది. వరండాలోకి వెళ్ళి ఒక సిగరెట్టు కాల్చి వచ్చి మళ్ళీ చేశాను. అదే జవాబు. అక్కడి ఒక మిల్లు యజమాని నాగభూషణం గారికి ఈ కబురు ఎలా తెలిసిందో, బత్తాయిల బుట్టతో దిగబడ్డాడు. "మా పొడి దగ్గుకు మంచిదని గేటు మీద రాపిచ్చుకుంటా సార్, మీ పేరు గూడా ఏపిస్తా" అన్నాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టయింది.

దీనికి పరాంకుశం గారికే కాస్త సిగ్గేసింది. మళ్ళీ సమావేశం పెట్టారు. "ఇక ఒక్కటే మార్గం. ఏ గం.కా.అం. సోకని పరిశుద్ధ శ్రామికుణ్ణి అన్వేషించాలి. బీడీ ముట్టనివాడు, ఇంట్లో పొగ లేనివాడు, పొరుగున పొగ లేనివాడు. అటువంటివాడు దగ్గితే అది శుద్ధమైన దగ్గు. ఒక్కడు దొరికినా మిల్లులన్నిటికీ గొట్టాలు సిఫారసు చేస్తాను" అన్నారు. మాట ఇచ్చినట్టే చెప్పారు.

అన్వేషణకు ముందు 'ఇల్లు' అంటే ఏమిటో నిర్వచించాల్సి వచ్చింది. కొందరు శ్రామికులకు సొంత గుడిసె, కొందరికి అద్దె గది, ఒకడు వారంలో సగం అత్తారింట్లో. ఎక్కడి పొగ ఎవరి ఖాతాలో వేయాలి? ఎక్కడ పడుకుంటే అదే ఇల్లని రాద్దామంటే, వాళ్ళు పడుకునే వేళకి మేము చూడలేం. మా జీపు అయిదింటికల్లా ఆఫీసుకు వచ్చి తీరాలి. చాలా ఆలోచించి నేను ఇలా రాశాను: "శ్రామికుని చాప ఏ కప్పు కింద ఉండునో అదియే అతని గృహము." చాపైతే పట్టపగలు కూడా కనిపిస్తుంది. పరాంకుశం గారు దాన్ని బయటికి రెండుసార్లు చదివి, "సూక్ష్మం! శాస్త్రీయం!" అన్నారు. ఆ రాత్రి మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఆవిడ పెరుగన్నం వడ్డిస్తూ "చాప లేనివాడికో?" అంది. చదువుకోనివాళ్ళతో ఇదే చిక్కు అనుకున్నాను.

షంషాద్ మిల్లులన్నీ తిరిగింది. బీడీ తాగనివాడి ఇంట్లో కట్టెల పొయ్యి ఉంది. గ్యాసు పొయ్యి ఉన్నవాడి ఇంట్లో చుట్ట కాల్చే అత్త ఉంది. అత్త లేనివాడి పక్కిల్లు టీ కొట్టు. చివరికి ఒకరోజు ఫోన్ చేసి, "దొరికినాడు సార్, మద్దిలేటి అని. మీరే వచ్చి సూడండి" అంది.

వెళ్ళాను. మద్దిలేటి నాగభూషణం గారి మిల్లులో జల్లెడ దగ్గర పనిచేస్తాడు. యాభై దాటని మనిషి, ముసలివాడిలా కూర్చుని ఊపిరి కూడదీసుకుంటున్నాడు. నేను ప్రశ్నలు మొదలుపెట్టాను.

"బీడీ?"

"ముట్టను సార్. మా యమ్మ చిన్నప్పుడే ఒట్టు ఏపిచ్చుకునింది."

"వంట?"

"ఇంటికాడ్నుంచి క్యారేజీ వస్తాది. ఈడనే తింటా, ఈడనే పండుకుంటా." గోడ వారన చుట్టి నిలబెట్టిన చాప చూపించాడు.

"దోమల చుట్ట?"

"ఈడ దోమలు బతకవు సార్."

ఇల్లుండగా మిల్లులో పడుకోవడమెందుకని అడిగాను. అది మా ప్రశ్నల్లో లేదు. నోరు జారి అడిగాను.

"కూతురికి పాప పుట్టింది సార్. కూతురూ అల్లుడూ మా ఇంట్లోనే ఉండారు. ఉండేది ఒక్క రూము. నేను దగ్గితే పాప ఉలిక్కిపడి లేస్తాది, ఇంగ పండుకోదు. పసిబిడ్డ గద సార్. అందుకే చాప ఎత్తుకొని వచ్చేసినా." కాసేపు దగ్గి, ఈసారి తనే అడిగాడు. "గొట్టం పెడితే ఈ దగ్గు తగ్గుతాదా సార్? తగ్గితే ఇంటికి పోయి పాపకాడ పండుకుంటా. ఇంగేం అక్కర్లేదు నాకు."

తగ్గుతుందన్నాను. నాకు బాధ కలిగింది, సంతోషమూ కలిగింది. అబద్ధమెందుకు, సంతోషమే ముందు కలిగింది. పరిశుద్ధ శ్రామికుడు దొరికాడు మరి!

కమిటీలో మద్దిలేటి వివరాలు చదువుతుంటే అందరూ కుర్చీల్లో ముందుకు జరిగారు. బీడీ లేదు. పొయ్యి లేదు. అగరుబత్తి లేదు. అత్త లేదు. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అతని చాప ఎక్కడుంది?" అన్నారు.

"మిల్లులోనండి."

"మీ నిర్వచనం ఒకసారి చదవండి."

చదివాను. సగం చదివేసరికే అది ఎటు పోతోందో నాకు అర్థమైంది.

"అనగా మిల్లే అతని గృహం. గృహంలోని ధూళి గృహధూళి. గృహధూళి గం.కా.అం. కనుక తీసివేయవలసిందే" అన్నారాయన, పక్షపాతం లేని న్యాయమూర్తిలా.

"అయితే సార్, ఆయప్ప పగలు దగ్గితే మిల్లు పనోడు, రాత్రి దగ్గితే ఇంటాయనా?" అంది షంషాద్.

"రెండు పూటలా ఇంటాయనే అమ్మా. చాప పగలు కూడా అక్కడే ఉంటుంది కదా!"

నా వాక్యమే నన్ను కరిచాక ఇంక ఏమని వాదిస్తాను? అలా మద్దిలేటి మా అధ్యయనం మొత్తంలో అత్యంత కాలుష్యం గల ఇంటి యజమానిగా నమోదయ్యాడు. షంషాద్ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

మా సంస్థలో పై అంతస్తున గృహధూమ నివారణ విభాగం అని ఇంకొకటి ఉంది. కింద అంతస్తు వాళ్ళం, పై అంతస్తు వాళ్ళం మాట్లాడుకోం. ఎప్పుడో పార్కింగు దగ్గర గొడవైంది. కానీ పొగ ఎక్కువున్న ఇళ్ళ జాబితా మేం పంపితే, వాళ్ళు వెళ్ళి ఉచితంగా పొగగొట్టమూ ఫ్యానూ పెట్టాలన్నది నియమం. ఆ జాబితా శనివారం శనివారం వెళ్ళిపోతుంది. దాంట్లో మద్దిలేటి ఇల్లు చేరడం నా యుక్తి అని చెప్పుకుంటే గొప్పగా ఉండేది. కానీ నేను ఆ జాబితా చదవకుండానే సంతకం పెట్టాను.

పదిహేను రోజుల తర్వాత పై అంతస్తు ఇంజినీరు చెన్నారాయుడు నిచ్చెనతో, గొట్టాలతో మిల్లులో దిగాడు. చాప యథాస్థానంలో ఉందో లేదో తనిఖీ చేయడానికి నేనూ ఆ వేళకి అక్కడే ఉన్నాను.

"ఇంటి యజమాని ఎవరు?" అన్నాడు చెన్నారాయుడు. అందరూ మద్దిలేటిని చూపించారు.

"వంటిల్లు ఎక్కడ?"

చెన్నారాయుడు దుమ్ములో కళ్ళు చికిలించి, "పోనీ, పొగ ఎక్కడ ఎక్కువ?" అన్నాడు. మద్దిలేటి రాళ్ళు నలగ్గొట్టే యంత్రం మూతినీ జల్లెడనూ చూపించాడు.

"ఇదేం పొయ్యయ్యా?"

"నాకు కూడు పెట్టేది ఇదే సార్."

'పొయ్యి: పెద్దది' అని రాసుకున్నాడు. "కుటుంబ సభ్యులు?" అన్నాడు. బస్తాలు మోసేవాళ్ళు, జల్లెడ పట్టేవాళ్ళు అందరూ వచ్చి నిలబడ్డారు. 'ఉమ్మడి కుటుంబం' అని రాసుకుని, ఇంతమందికి మామూలు గొట్టం చాలదని జీపులోంచి లావుపాటిది దింపించాడు.

నాగభూషణం గారు పరుగెత్తుకొచ్చాడు. "ఎవురయ్యా మీరు? ఇది మిల్లు! ఇల్లు కాదు!"

"ఇల్లు కాదని రాసివ్వండి, ఇప్పుడే విప్పుకుని పోతాం" అన్నాడు చెన్నారాయుడు తాపీగా.

అప్పుడు నేను నా జన్మలో మొదటిసారి ఒక పనికొచ్చే మాట అన్నాను. "రాసివ్వండి సార్. అయితే మిల్లని తేలితే మద్దిలేటి దగ్గు మీ ఖాతాలో పడుతుంది. డైరెక్టర్ గారు అన్ని మిల్లులకీ సిఫారసు చేస్తానన్నారు."

నాగభూషణం గారు దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు.

ఫ్యాను వేశారు. దుమ్ము సుళ్ళు తిరుగుతూ గొట్టంలోకి ఎగిరిపోయింది. కాసేపటికి ఎదుటి గోడ కనిపించింది. గోడకి ఏనాటిదో క్యాలెండరు ఉంది. అక్కడ క్యాలెండరు ఉందన్న సంగతి ఎవరికీ తెలియదు. ఒకడి చొక్కా ఎర్రదని తక్కినవాళ్ళు ఆ రోజే చూశారు.

వానాకాలం వెళ్ళేసరికి ఆ మిల్లులో దగ్గులు బాగా తగ్గాయి. మా సంస్థ నివేదిక వెలువడింది: "వంటింటి పొగగొట్టము అమర్చిన తోడనే దగ్గు తగ్గినందున, దగ్గునకు కారణము గృహధూమమేనని నిస్సంశయముగా రుజువైనది. శిలాధూళి నిర్దోషి." మొదటి పేరు పరాంకుశం గారిది, రెండోది నాది. నాకు శాలువా కప్పారు. మంచి ఊలు శాలువా. చలికాలంలో ఇప్పటికీ కప్పుకుంటున్నాను.

మిగతా మిల్లుల పనివాళ్ళు మాకంటే త్వరగా అర్థం చేసుకున్నారు. ఒక్కో మిల్లులోకి ఒక్కో చాప రావడం మొదలైంది. చాప వచ్చిన చోటల్లా ఇల్లు, ఇల్లున్న చోటల్లా గొట్టం. పై అంతస్తులో గొట్టాలు ఖాళీ అవుతున్నాయని గోల లేచింది. పరాంకుశం గారు నన్ను పిలిచి నిర్వచనం సవరించమన్నారు. చాప తీసేస్తే మిల్లులు మళ్ళీ మిల్లులవుతాయనీ, దగ్గులన్నీ రాయి నెత్తిన పడతాయనీ, నివేదిక తలకిందులవుతుందనీ విన్నవించుకున్నాను. ఆయన, "రెండూ కాని దారి ఏదైనా ఉందేమో పరిశీలించండి" అన్నారు. పరిశీలిస్తున్నాను. ఫైలు నా దగ్గరే ఉంది. సంస్థలో పరిశీలించడంలో నన్ను మించినవాడు లేడు.

ఒకనాడు మద్దిలేటి మా ఆఫీసుకే వచ్చాడు. మెట్ల మీద రెండుచోట్ల కూర్చుని లేచి వచ్చాడు.

"దగ్గు తగ్గింది సార్. ఇంటికి పోయి పండుకోవల్లని ఉండాది. నేను పోతే గొట్టం పీక్కపోతారంట గదా? మావోళ్ళు పోవద్దంటాండారు."

నేను నిర్వచనం తీసి చూశాను. చాప కప్పు కింద ఉండాలని రాశాను. చాప మీద మనిషి ఉండాలని ఎక్కడా రాయలేదు.

"నువ్వు వెళ్ళు. చాప ఉంటే చాలు" అన్నాను.

నమ్మలేదతను. "ఇంగోసారి సెప్పండి సార్" అన్నాడు. చెప్పాను. నా చదువు మొత్తానికి ఒక మనిషికి పనికొచ్చిన రోజు అదొక్కటే. అదీ నేను పొరపాటున వదిలేసిన సందు వల్ల.

కొన్నాళ్ళకి వాళ్ళింటికి వెళ్ళాను. పాప అతని రొమ్ము మీద బోర్లా పడుకుని ఉంది. "సూడండి సార్, లేయనే లేయదు" అన్నాడు గుసగుసగా. కానీ ఆ రొమ్ము ఎగిసిపడుతోంది. అతని ఎక్స్‌రే నేను చూశాను. గొట్టం గాలిలోని రాయిని లాగేస్తుంది, ఊపిరితిత్తుల్లో దిగిన రాయిని లాగలేదు. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. మేం అగరుబత్తుల దగ్గర, మతాబుల దగ్గర తాత్సారం చేసిన కాలమంతా అది అతని లోపల దిగుతూనే ఉంది.

మరుసటి ఎండాకాలం మద్దిలేటి పోయాడు. పాప అప్పటికి నడుస్తోంది. నేను వెళ్ళాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. బయటికి వచ్చి సిగరెట్టు వెలిగిస్తే దగ్గు తెర వచ్చింది. షంషాద్ పక్కనే నిలబడి, "దేనివల్ల సార్?" అని అడిగింది. ఆ సిగరెట్టు అక్కడే పారేశాను.

వార్షిక తనిఖీకి మిల్లుకు వెళ్ళాను. చాపను మేకుకి తగిలించి, దుమ్ము దులిపి ఉంచారు. ఇంటాయన లేడని రాస్తే ఇల్లు లేదు, ఇల్లు లేకపోతే గొట్టం పై అంతస్తుకి వాపసు పోవాలి. పనివాళ్ళందరూ నా వెనక వచ్చి నిలబడ్డారు. వాళ్ళ కనురెప్పలు నల్లగా ఉన్నాయి. మా తనిఖీలో అడిగేవి రెండే సంగతులు: చాప ఉందా, దగ్గు ఉందా.

"చాప ఉంది. దగ్గు లేదు" అని రాసి సంతకం పెట్టాను.

పరాంకుశం గారు అది చూసి ఎంతో పొంగిపోయారు. మా అధ్యయనంలో సంపూర్ణంగా స్వస్థత పొందిన మొదటి శ్రామికుడు మద్దిలేటే.